చిన్న బడి, పిల్లల లెక్క

గత జూను మాసములో బడులు తెరచిన వారమున మేము ఒక మారుమూల గ్రామమునకు పోవుట తటస్థించినది. ప్రాథమిక పాఠశాల ఆవరణలోని వేపచెట్టు క్రింద పదిపదునైదుగురు గ్రామస్థులు కూర్చుండియుండిరి. మేము ప్రచారశాఖ వారమని తెలిసినంతనే వారిలో పెద్దవాడైన ఒక రైతు లేచి, "అయ్యా, నిరుటి వరకు మా బడికి ఇద్దరు పంతుళ్ళుండిరి. పిల్లలు తగ్గినారని చెప్పి ఒకరిని వేరే ఊరికి పంపినారు. పిల్లలు తగ్గుటేమి? అందరును మా ఇండ్లలోనే ఉన్నారు. ఈ లెక్క వేసినది ఎవరు? ఎక్కడ కూర్చుండి వేసినారు?" అని అడిగెను.

అప్పటికి మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ఈ వ్యాసము ఆ రైతునకు మేము బాకీపడిన సమాధానము. ఇట్టి ప్రశ్న అనేక గ్రామములలో వినవచ్చుచున్నది గనుక దానిని కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఆ రైతు బాల్యమున ఆ బడి తాటాకు పాకలో నడచినదట. స్థలము ఒక ఇంటివారు దానము చేసినారు. గోడలకు మట్టి ఊరంతయు మోసినది. పదునాలుగేండ్ల వయస్సు వరకు బాలబాలికలందరికి ఉచిత నిర్బంధ విద్య పది సంవత్సరములలో సమకూర్చ యత్నింపవలెనని 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము నిర్దేశించినది. పదేండ్లలో ఆ పని పూర్తికాలేదు. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ వలన విద్య ఆరు మొదలు పదునాలుగేండ్ల లోపు పిల్లలకు ప్రాథమిక హక్కైనది. దానికి అనుగుణమైన చట్టము 2009లో వెలువడి, 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. పిల్లలున్నారు, బడి ఏదని ఆనాటి పెద్దలు అడిగెడివారు. బడి యున్నది, పిల్లలేరని నేడు చాల గ్రామములలో అడుగవలసి వచ్చుచున్నది.

బల్లమీది పుస్తకములు

చిన్న బడిలో పిల్లల లెక్కకు ఆధారము ముఖ్యముగా రెండు పుస్తకములు. ఒకటి ప్రవేశ రిజిస్టరు, రెండవది హాజరు రిజిస్టరు.

ప్రవేశ రిజిస్టరు శాశ్వతమైనది. బడి పెట్టిననాటి నుండి చేరిన ప్రతి బిడ్డకు అందులో ఒక వరుస సంఖ్య యుండును. ఆ సంఖ్య మరియొకరికి ఇయ్యబడదు. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, మాతృభాష, కులము, చేరిన తరగతి, విడిచిన తేదీ, బదిలీ పత్రము ఇచ్చిన వివరము అందులో వ్రాయుదురు. పెద్దబడికి పోయినను, ఉద్యోగమునకు పోయినను, పింఛను పొందు వయస్సు వచ్చినను ఈ పుస్తకములోని పుట్టిన తేదీయే మనుష్యుని వెన్నంటి వచ్చును. మన పెద్దలలో జూన్ 1వ తేదీననో జూలై 1వ తేదీననో పుట్టినట్లు కాగితములు గలవారు పెక్కుమంది యున్నారు. వారందరును నిజముగా ఆ దినముననే పుట్టినారని ఎవ్వరును నమ్మరు. తేదీ చెప్పగలవారు లేక, బిడ్డ ఎత్తు చూచి పంతులుగారు ఉజ్జాయింపుగా వ్రాసిన తేదీలవి. జనన మరణ నమోదు చట్టమునకు 2023లో చేసిన సవరణ వలన, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరుట మొదలగు పనులకు జనన ధ్రువపత్రమే ఆధారమైనది. అట్లని పత్రము లేదన్న కారణముచే ఏ బిడ్డను బడి గుమ్మము నుండి త్రిప్పి పంపరాదు. విద్యాహక్కు చట్టములోని 14వ విభాగము ఈ మాట స్పష్టముగా చెప్పుచున్నది.

కులము గడి ఎందుకని కొందరు తల్లిదండ్రులు మమ్ము ప్రశ్నించుట కలదు. ఉపకార వేతనములకును, వసతిగృహములలోను గురుకులములలోను ప్రవేశమునకును అది అవసరమగుచున్నది. అంతకంటె ముఖ్యమైన ఉపయోగము వేరొకటి కలదు. ఊరిలో నాలుగు వాడలున్నవనుకొనుడు. ఏ వాడ పిల్లలు బడిలో నున్నారో, ఏ వాడ పిల్లలు లేరో ఆ గడిని పైనుండి క్రిందికి చదివినచో ఐదు నిమిషములలో తెలియును. మాతృభాష గడియు అట్టిదే. తండాలోని బిడ్డ ఇంటిలో లంబాడీ మాట్లాడును. గూడెములోని బిడ్డ కోయయో, సవరయో, గోండియో మాట్లాడును. ఆ బిడ్డ తెలుగు వాచకము ముందు మౌనముగా కూర్చున్నచో మందబుద్ధి యని భావించుట పొరపాటు. ఈ సంగతి గ్రహించియే ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2004 ప్రాంతమున ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతులకు పుస్తకములు తయారుచేయుట ఆరంభమైనది.

రెండవదగు హాజరు రిజిస్టరు నెలనెలకు మారును. ఉదయము పేర్లు పిలిచి గుర్తు వేయుదురు. నేడు చేతి ఫోనులోని యాప్ ద్వారా కూడ హాజరు పంపుచున్నారు. మూడవ లెక్క మధ్యాహ్న భోజనము లెక్క. ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము చొప్పున లెక్కగట్టుదురు. నలువది మంది తిన్నచో నాలుగు కిలోలు ఖర్చు కావలెను.

చేరినవారు, వచ్చినవారు, తిన్నవారు అను ఈ మూడు సంఖ్యలు ఒకటిగా నుండవు. ఉండవలసిన పనియు లేదు. ఒకనికి జ్వరము వచ్చును, ఒకతె ఇంటినుండి అన్నము తెచ్చుకొనును. కాని చేరినవారు నలువదియై, వచ్చువారు ఎన్నడును ఇరువదియైదుకు మించనిచో, తక్కిన పదునైదుగురు ఎక్కడనున్నారని గ్రామస్థులు అడుగవలెను. పూర్వము కొన్నిచోట్ల బడి నిలుపుకొనవలెనను ఆతురతతో, పట్నములో చదువు పిల్లల పేర్లు ఊరి బడిలోను వ్రాయించెడివారు. ఇప్పుడది సాగదు. దేశములోని బడుల వివరములన్నియు యు-డైస్ అను ఏకీకృత విధానమున ఏటేట సేకరింపబడుచున్నవి. ప్రతి బడికి 11 అంకెల సంఖ్య యున్నది. 2022-23 నుండి బడికి ఒక మొత్తముగా గాక, ఒక్కొక్క బిడ్డ వివరము వేరువేరుగా నమోదు చేయుచున్నారు. ఒకే బిడ్డ పేరు రెండు బడులలో నున్నచో బయటపడును.

ఈ సంఖ్య ఏమి చేయును?

విద్యాహక్కు చట్టము అనుబంధములో ఉపాధ్యాయుల లెక్క యున్నది. ఒకటి నుండి అయిదవ తరగతి వరకు గల బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుండి 90 వరకు ముగ్గురు, 91 నుండి 120 వరకు నలుగురు, 121 నుండి 200 వరకు ఐదుగురు ఉపాధ్యాయులుండవలెను. 150 దాటినచో ప్రధానోపాధ్యాయుడు అదనము. చట్టము మాట ఇది. ఆచరణలో, మిక్కిలి చిన్న బడులకు ఒక్క ఉపాధ్యాయుడే చాలునని రాష్ట్ర ప్రభుత్వముల సర్దుబాటు ఉత్తర్వులు ఒక గీత గీయుచున్నవి. ఆ గీత ఎన్ని పేర్ల వద్ద నుండునన్నది రెండు తెలుగు రాష్ట్రములలో ఒకే తీరుగ లేదు. ఒకే రాష్ట్రములో కూడ అది మారుచు వచ్చినది. గీతకు దగ్గరగా నున్న బడికి రెండు మూడు పేర్లే ప్రాణము. మేము చూచిన గ్రామములో రెండవ ఉపాధ్యాయుడు పోవుటకు కారణము ఇదియే.

ఒక్క ఉపాధ్యాయుడన్న ఏమియో పాఠకులు ఒక్కసారి గణించి చూడవలెను. ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినములు, 800 బోధన గంటలు ఉండవలెనని చట్టము. తరగతులు అయిదు, పంతులు ఒక్కరు. సమముగా పంచినచో ఒక తరగతికి ఏడాదికి 160 గంటలు మాత్రమే దక్కును. తక్కిన కాలము ఆ పిల్లలు పలకమీద తమంత తాము దిద్దుకొనవలెను. ఇక ఆయనకు శిక్షణ తరగతి వచ్చినను, మండల కార్యాలయమున సమావేశము వచ్చినను, ఇంటిలో శుభాశుభములు వచ్చినను బడికి తాళమో, పక్క ఊరి నుండి అరువు పంతులో. సమర్థులైన ఏకోపాధ్యాయులు లేకపోలేదు. పెద్ద తరగతి పిల్లలచే చిన్నవారికి చెప్పించుచు, ఒకే కథతో మూడు తరగతులను నడుపు వారిని మేము చూచినాము. అయినను ఒక మనిషి ఒక మనిషియే.

2024-25 యు-డైస్ లెక్కల ప్రకారము దేశమున ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125. వానిలో 12,912 ఆంధ్రప్రదేశములోనే ఉన్నవి. ఏ ఇతర రాష్ట్రములోను అన్ని లేవు. అదే సంవత్సరము ఒక్క బిడ్డయు చేరని బడులు తెలంగాణలో 2,245. ఇవి సంతోషముతో ప్రకటింపదగిన అంకెలు కావు. కాని దాచదగినవియు కావు.

పిల్లలు ఎక్కడికి పోయినారు?

"పిల్లలు తగ్గలేదు" అని రైతు అన్నమాటలో సగము నిజము కలదు. తగ్గిన సగమును ముందుగా చూతము.

1981 ప్రాంతమున మన రాష్ట్రములో వేయిమంది జనాభాకు ఏడాదికి 30కి పైగా జననములు జరుగుచుండెను. 2020 నాటి నమూనా నమోదు లెక్కలలో అది ఆంధ్రప్రదేశమునకు 15.7, తెలంగాణకు 16.4. ఒక స్త్రీకి సగటున కలుగు సంతానము 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణలో 1.8. ఒక తరము స్థానమున మరియొక తరము సరిగా నిలువవలెనన్న అది 2.1 దరిదాపుల నుండవలెను. ఉమ్మడి రాష్ట్రములో ఆరేండ్లు, అంతకు లోపు వయస్సుగల పిల్లలు 2001 జనాభా లెక్కలలో కోటికి కొంచెము పైగానుండగా, 2011 నాటికి సుమారు 91 లక్షలైరి. చిన్న కుటుంబమును గూర్చి ఈ పత్రిక వంటి పత్రికలే దశాబ్దముల తరబడి ప్రచారము చేసినవి. ఆ ప్రచారము ఫలించినది. ఇద్దరికి మించి సంతానము గలవారు స్థానిక ఎన్నికలలో నిలబడరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశము 2024లో తొలగించినదనగా, గాలి ఎంత మారినదో ఊహింపవచ్చును.

దీనిని ఒక ఊరికి అన్వయించి చూతము. వేయిమంది జనాభా గల గ్రామమొకటి అనుకొనుడు. వేయికి 16 జననముల చొప్పున, అయిదు తరగతులకు సరిపడు అయిదేండ్లలో 80 మంది పిల్లలు. నలువదియేండ్ల క్రిందట అదే ఊరిలో, శిశుమరణములు తీసివేసినను, వంద దాటియుండెడివారు. కనుక నాడు అయిదు గదులు కట్టవలెనని కోరిన ఊరు నేడు మూడు గదులలో ఇమిడిపోవుట వింతకాదు, ఎవరి తప్పును కాదు.

ఆ 80 మందియు ఊరి బడికే వచ్చినచో ఇద్దరు కాదు, ముగ్గురు ఉపాధ్యాయులుందురు. కాని మన ఊహాగ్రామములో 45 మంది తెల్లవారి పసుపుపచ్చ బస్సు ఎక్కి మండల కేంద్రములోని ప్రైవేటు బడికి పోవుదురనుకొనుడు. ఆరుగురు మేనమామల ఇండ్లలోనో, అమ్మమ్మల వద్దనో, వసతి బడులలోనో చదువుచున్నారు. తొమ్మండుగురు తల్లిదండ్రుల వెంట వలస పోయినారు. మిగిలినవారు 20 మంది. రైతు చెప్పినట్లు పిల్లలు ఊరిలో ఉన్నారు. రిజిస్టరులో లేరు.

మేము ఆ రైతును, "మీ మనుమడు ఏ బడిలో చదువుచున్నాడు?" అని అడిగితిమి. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. అంతలో చెట్టు వెనుక నుండి ఆయన కోడలు, "బస్సుకు పంపుచున్నాము. ఒక్క సారు అయిదు తరగతులకు ఏమి చెప్పగలడు, మామయ్యా?" అన్నది. ఆమె మాటలో తప్పెన్నదగినది లేదు. పిల్లలు తగ్గినందున పంతులు పోయినాడు. పంతులు పోయినందున పిల్లలు పోవుచున్నారు. ఈ చక్రమును మొదట త్రిప్పినదెవరని వాదించుట విత్తు ముందా చెట్టు ముందా యన్నట్లుండును.

ప్రైవేటు బడిపై మోజునకు ఇంగ్లీషు ఒక పెద్ద కారణమని తల్లులందరు చెప్పుదురు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుండి దశలవారీగా ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. రెండు రాష్ట్రములలోను ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకములు అచ్చైనవి. ఇది తెలిసియు బస్సు ఎక్కించువారున్నారు. తెలియక ఎక్కించువారును ఉన్నారు. ఈ ప్రవాహము ఒకే దిశగా పారుననుకొనరాదు. దేశమంతటి గ్రామములలో ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లలలో ప్రభుత్వ బడిలో చేరినవారు అసర్ సర్వే ప్రకారము 2018లో నూటికి 65.6, కరోనా కష్టము తరువాత 2022లో 72.9, మరల 2024లో 66.8. చేతిలో డబ్బు ఆడని ఏడు పిల్లలు ఊరి బడికి వచ్చినారు. ఆ రెండు మూడేండ్లలో వారిని నిలుపుకొనగలిగిన బడులెన్ని యన్నది మన విద్యాశాఖ వారు తమను తాము వేసికొనవలసిన ప్రశ్న.

తాళము వేసిన ఇండ్లు

వలసను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఏలనన లెక్కకు చిక్కని పిల్లలు వీరే.

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములలో వానపంట చేతికి వచ్చిన తరువాత ఊళ్ళకు ఊళ్ళు కదలిపోవును. గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి, మిరప పొలములలో కూలి దొరకును. తల్లిదండ్రులు పోవునప్పుడు పిల్లలను ఎవరికప్పగింపగలరు? ఇంటిలో ముదుసలి యున్నచో సరి. లేనిచో బిడ్డయు మూట వెంట పోవును. పదేండ్ల ఆడపిల్ల పొలము గట్టున తమ్ముని ఎత్తుకొని కూర్చుండును. మరునాటి సంవత్సరము ఆమెయే మిరపకాయలు కోయును. సెప్టెంబరు 30వ తేదీ నాటి స్థితి చూచి లెక్కలు వ్రాయు ఆచారము చాల కాలముగా నున్నది. ఆనాటికి ఈ బిడ్డ బడిలోనే యున్నది, పేరు ఎక్కినది. జనవరిలో ఆమె బల్ల ఖాళీ. లెక్క తప్పుకాదు, కాని బిడ్డ బడిలో లేదు.

దీనికి ఎదురు దృశ్యము పెద్దపల్లి ప్రాంతపు ఇటుక బట్టీల వద్ద కానవచ్చును. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుండి కుటుంబములు శీతకాలపు ఆరంభమున వచ్చి, వేసవి చివర తిరిగిపోవును. సెప్టెంబరు లెక్కలో ఆ పిల్లలు మన బడులలో లేరు. సంక్రాంతికి మన నేలమీద ఉన్నారు. వారికై తెలంగాణలో బట్టీల సమీపమున పని స్థలపు పాఠశాలలు, ఒడియాలో బోధించు వాలంటీర్లతో నడచినవి. కర్నూలు వైపు తల్లిదండ్రులు తిరిగివచ్చు వరకు పిల్లలను ఊరిలోనే ఉంచి అన్నము పెట్టు కాలిక వసతిగృహములు సమగ్ర శిక్ష క్రింద ఏర్పాటైనవి. వసతిగృహము నవంబరులోనే తెరచినచో బిడ్డ నిలుచును. మంజూరు ఆలస్యమై జనవరిలో తెరచినచో, అప్పటికి బండి కదలిపోయియుండును.

వలసపోయిన చోట బిడ్డను బడిలో చేర్చుటకు చట్టము అడ్డు చెప్పదు. మధ్యలో చేరరాదన్న నియమము లేదు. బదిలీ పత్రము రాలేదను కారణముతో చేర్చుకొనుట ఆలస్యము చేయరాదు. బిడ్డను వయస్సునకు తగిన తరగతిలోనే కూర్చుండబెట్టి, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెను. ఈ సంగతులు కూలి మేస్త్రీకి తెలియవు, తల్లికి తెలియవు. గ్రామ కార్యదర్శియో, ఉపాధ్యాయుడో బయలుదేరుటకు ముందు చెప్పవలెను.

మిగిలిన ఇరువదిమంది

మన ఊహాగ్రామమునకు మరల వత్తము. బస్సు పోయిన తరువాత, వలసబండి పోయిన తరువాత మిగిలిన 20 మంది ఎవరు?

మేము చూచిన పెక్కు చిన్న బడులలో వారు అధికముగా షెడ్యూల్డు కులముల, తెగల, వెనుకబడిన తరగతుల కూలి కుటుంబముల పిల్లలు. ఒకే ఇంటిలో కొడుకును బస్సు ఎక్కించి కూతురును ఊరి బడికి పంపు అలవాటు ఇంకను పోలేదు. తల్లికి వందనము పథకము క్రింద 2025లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చదువు ప్రతి బిడ్డకు 15,000 రూపాయలు కేటాయించి, అందులో 2,000 బడి నిర్వహణకు మినహాయించి తక్కినది తల్లి ఖాతాలో వేసినది. అది ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేక అందినది. కుటుంబమునకు ఆసరాయే, అయినను ఏ బిడ్డ ఏ బడికి పోవలెనన్న తీర్మానము ఇంటిలోనే జరుగుచున్నది. కాళ్ళు సరిగా లేని బిడ్డ, మాట ఆలస్యమైన బిడ్డ, తండ్రి పోయిన బిడ్డ వీరును ఊరి బడిలోనే కనబడుదురు. కనుక చిన్న బడి రెండవ ఉపాధ్యాయుని కోల్పోయినదనగా, ఆ నష్టము ఊరంతటికి సమానముగా పంచబడలేదు.

ఇట్లు వ్రాసినంత మాత్రమున ప్రతి చిన్న బడిని అట్లే ఉంచవలెనని మా అభిప్రాయము కాదు. ఏడుగురు పిల్లలు అయిదు తరగతులలో నున్న బడిని మేము చూచినాము. రెండవ తరగతిలో ఒక్క బాలిక. ఆమెతో పోటీగా ఎక్కము చెప్పుటకు తోడులేదు, ఆటకు జట్టులేదు. అట్టి బిడ్డకు పెద్ద బడి మేలు చేయవచ్చును. అయితే ఆ పెద్ద బడి ఎంత దూరము? దారిలో వాగున్నదా, జాతీయ రహదారి యున్నదా? ప్రాథమిక బడి ఒక కిలోమీటరు లోపల ఉండవలెనని నియమములు చెప్పుచున్నవి. దూరమైనచో రవాణా ఏర్పాటు చేయవలెను. ఆంధ్రప్రదేశములో 2022 నాటి ఉత్తర్వు ప్రకారము అనేక చోట్ల 3, 4, 5 తరగతులు సమీపపు ఉన్నత పాఠశాలలకు చేర్చబడినవి. ఊరి బడిలో 1, 2 తరగతుల పసివారు మాత్రమే మిగిలిరి. తల్లిదండ్రుల నుండి అభ్యంతరములు వచ్చినవి. 2025లో ఆ ఉత్తర్వు రద్దై, తరగతికొక ఉపాధ్యాయుడుండు ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పరచు పద్ధతి వచ్చినది. మ్యాపులో కిలోమీటరు ఒక్క గీత. ఆరేండ్ల బిడ్డ కాళ్ళకు ఆషాఢపు వానలో అది వేరు. నిర్ణయము చేయువారు ఒక్కసారి ఆ దారిన నడచి చూచుట మంచిది.

ఊరి పుస్తకము

రైతు అడిగిన ప్రశ్నలో మరియొక సగము మిగిలినది. లెక్క ఎవరు వేసినారు? బడి వేసినది. బడికి తెలిసినది వచ్చినవారి లెక్క. ఊరిలో ఉన్నవారి లెక్క ఎవరి చేతిలో నున్నది? విద్యాహక్కు చట్టము 9వ విభాగము ప్రకారము, తన పరిధిలో నివసించు పదునాలుగేండ్ల లోపు పిల్లల వివరములు ఉంచుకొనవలసినది స్థానిక సంస్థ. గ్రామ విద్యా రిజిస్టరు అను పేరుతో ఇట్టి పుస్తకము మన రాష్ట్రములో ఏర్పడినది. చాలచోట్ల అది ఉపాధ్యాయుని బీరువాలో నిద్రించుచున్నది. రెండు పుస్తకములను పక్కపక్కన ఉంచినచో తేడాగా తేలు పేర్లే పని చేయవలసిన పేర్లు. వానిలో ప్రైవేటు బడిలో నున్నవారిని వేరుచేయుడు. వలసపోయినవారిని వేరుచేయుడు. ఎక్కడను లేని బిడ్డ ఒక్కరున్నను ఆ ఇంటికి పోవలెను.

ఈ పని బడి కమిటీది. చట్టము ప్రకారము అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెను. తెలంగాణలో 2024 నుండి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినవి. అంగన్‌వాడీ టీచరు వద్ద మూడు నుండి ఆరేండ్ల పిల్లల జాబితా సిద్ధముగా నుండును. వచ్చే జూనులో ఒకటవ తరగతికి ఎందరు రావలెనో అందు చూచి నేడే చెప్పవచ్చును. జూనులో బడిబాట యని ఉపాధ్యాయులు ఇంటింటికి తిరుగుచున్నారు గాని, అప్పటికి బస్సువారు వేసవిలోనే వచ్చి ఫీజు బయానా తీసికొనిపోయియుందురు. తిరుగవలసినది మార్చిలో.

ఆనాడు వేపచెట్టు క్రింద ఈ సంగతులన్నియు ముచ్చటించుచుండగా, ఉపాధ్యాయుడు లోపలికి పోయి గ్రామ విద్యా రిజిస్టరు దుమ్ము దులిపి తెచ్చినాడు. రైతు వాడవాడ పేరు చెప్పుచు పోయినాడు, కోడలు సవరించుచు వచ్చినది, ఉపాధ్యాయుడు వ్రాసినాడు. ప్రొద్దు వాలువేళకు చివరి వాడకు వచ్చినారు. అక్కడ మూడు ఇండ్లకు తాళములున్నవి. ఆ ఇండ్ల పిల్లల పేర్లు ఎవ్వరికిని సరిగా గుర్తులేవు. కోడలు తన ఫోనులో ఒకరి నంబరు వెదకి, మ్రోగుచుండగా ఉపాధ్యాయుని చేతికిచ్చినది.